దొరికిన సామాను ఎవరిది?

(ముంబయిలో జరిగిన మన యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి ఎజెండాలో నాలుగో అంశం చూసి చాలామంది నన్ను నిలదీశారు. "ఏమన్నా, ఎప్పుడూ బకాయిల గురించి, ఇళ్ల గురించి మాట్లాడేవాడివి, ఈ కళాఖండం గొడవ మనకెందుకు?" అని. న్యాయమైన ప్రశ్నే. అందుకని ముందు సంగతి ఏమిటో చెప్తాను. ఇళ్ల సంగతీ దీనిలోనే ఉందని మీకే తెలుస్తుంది.

మా గిర్ని మూతపడి ఏళ్లు గడిచాయి. దాని చివరి షెడ్డు పడగొట్టేటప్పుడు వైండింగ్ ఖాతా పక్క గదిలో, ఇనుప బీరువాల్లో, మనవాళ్ల సామాను దొరికింది. పాత ఇనుము కాంట్రాక్టరు దగ్గర కూలికి వచ్చినవాళ్లే మనకు కబురు చేశారు. వాళ్లకు ఈ సభ తరఫున ధన్యవాదాలు. దొరికినవన్నీ మన కుర్రవాళ్లు గోనె సంచుల్లో కట్టి యూనియన్ ఆఫీసుకు తెచ్చారు. స్టీలు డబ్బాలు, హాజరు బిల్లాలు, రీడ్ హుక్కులు, కత్తెరలు, కళ్లజోళ్లు, గాజులు, చెప్పులు ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లలో మడిచిపెట్టిన హాజరు కార్డులు, ఇ.ఎస్.ఐ. కార్డులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఆ స్థలంలో పెద్ద భవనం లేస్తున్నది. కట్టేవారు మనకు ఒక ఉత్తరం రాశారు. ద్వారం దగ్గర ఒక గోడ కట్టి, ఈ సామానునంతా అందంగా అమర్చి, గిర్ని కార్మికుల జ్ఞాపకార్థం ఒక కళాఖండం చేయిస్తారట. సంచులు అప్పగించమన్నారు. ఇవ్వాలా, వద్దా? ఇస్తే ఏ షరతు మీద ఇవ్వాలి? ఇదీ ఈ రోజు మనం తేల్చవలసిన సంగతి.

పోయిన సామానుతో, దొరికిన సామానుతో, జనం పారేసిన సామానుతో నలుగురూ చూసే చోట కళాఖండాలు చేయడం కొత్త కాదు. మన దేశంలోనూ చేశారు, బయటి దేశాల్లోనూ చేశారు. చేసినవారిలో గొప్పవాళ్లున్నారు. వాళ్లు చేసిన వాటిలో ఏది మనకు పనికివస్తుంది, ఏది పనికిరాదు అని చూసిన తర్వాత నిర్ణయం చేద్దాం. కార్యవర్గం నన్ను చదివి రమ్మన్నది. చదివినంత మేరకు చెప్తాను.

పేరు లేని బట్టల గుట్ట

ఫ్రాన్సు దేశంలో క్రిస్టియన్ బోల్టాన్స్కీ అని ఒక కళాకారుడు ఉండేవాడు. 1944లో పుట్టి 2021లో చనిపోయాడు. 1995లో ఆయన అమెరికాలోని న్యూయార్కులో ఒక పని చేశాడు. అక్కడ గ్రాండ్ సెంట్రల్ అని పెద్ద రైల్వే స్టేషను. మన సి.ఎస్.టి. వంటిది అనుకోండి. రైళ్లలో జనం మరచిపోయిన సామాను తెచ్చి, ఆ స్టేషనులోనే అరల మీద వరుసగా పెట్టించాడు. గొడుగులు, చేతిసంచులు, కోట్లు, ఇట్లాంటివి. రోజూ ఆ దారిన పరుగులు తీసే జనం ఆగి చూశారు. ఒక్క గొడుగు పోతే అది గొడుగే. వేల వస్తువులు ఒక్కచోట చేరితే, వాటిని మోసిన వేల చేతులు గుర్తుకు వస్తాయి. అందులో ఉన్న బలం అదే.

2010లో ఆయన ఇంకా పెద్ద పని చేశాడు. పారిస్‌లో గ్రాండ్ పాలే అని 1900 నాటి ప్రదర్శనశాల ఉంది. ఇనుప కమానులు, అద్దాల పైకప్పు. మన గిర్ని షెడ్డుకు పెద్దన్న అనుకోవచ్చు. జనవరి చలిలో, లోపల వేడి పెట్టవద్దని చెప్పి మరీ, ఆ నేల మీద వాడిన బట్టలను చదరాలు చదరాలుగా పరిపించాడు. అట్లాంటివి 69 చదరాలు. వాటికి అవతల బట్టలతోనే ఒక కొండ. దాని పైన ఒక క్రేను. క్రేను కొక్కెం దిగి, చేతికి అందినన్ని బట్టలు పట్టి పైకి లేపి, మళ్లీ కొండ మీదే వదిలేస్తుంది. ఏ చొక్కా లేస్తుంది, ఏది మిగులుతుంది అనే దానికి లెక్కా లేదు, న్యాయమూ లేదు. చుట్టూ మనుషుల గుండె చప్పుళ్లు వినిపిస్తుంటాయి. అదే సంవత్సరం మే నెలలో న్యూయార్కులో ఒక పాత సైనిక భవనంలో ఇట్లాగే 30 టన్నుల బట్టలతో చేశాడు.

30 టన్నుల బట్ట అంటే ఏమిటో ఈ సభలో ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. బేళ్లు ఎత్తినవాళ్లం. ఎన్ని సాంచాలు, ఎన్ని పాళీలు తిరిగితే అంత బట్ట వస్తుందో మన నడుములకు తెలుసు. బట్ట చూసినప్పుడు అందరూ తొడిగినవాణ్ణి తలచుకుంటారు. మనం నేసినవాణ్ణి కూడా తలచుకుంటాం. ఆ కొండలోని ప్రతి చొక్కాకు ఇద్దరు మనుషులు పోయారు, ఒకరు కాదు.

పారిస్‌లో చేసినదానికి ఆయన పెట్టిన పేరు 'పెర్సోన్'. ఫ్రెంచి భాషలో ఆ మాటకు 'మనుషులు' అనీ అర్థముంది, 'ఎవరూ లేరు' అనీ అర్థముంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు. బోల్టాన్స్కీ తండ్రి డాక్టరు, యూదు కుటుంబంలో పుట్టినవాడు. హిట్లరు సైన్యం పారిస్‌ను ఆక్రమించినప్పుడు పట్టుబడకుండా ఇంట్లోనే నేల పలకల కింద దాక్కుని బతికాడు. పారిస్‌కు విముక్తి వచ్చిన కొన్నాళ్లకే ఈ కొడుకు పుట్టాడు. నాజీలు మనుషుల్ని చంపేముందు వాళ్ల బట్టలు, చెప్పులు, కళ్లజోళ్లు ఊడదీసి వేరే గుట్టలుగా పోసిన సంగతి లోకానికంతా తెలుసు. పేరు తీసేసి నంబరు వేసిన సంగతీ తెలుసు. అందువల్ల ఆయన బట్టల కొండకు పేర్లు లేకపోవడంలో అర్థం ఉంది. పేర్లు లాగేసుకున్న ఘోరాన్నే ఆయన చూపించాడు.

మన సంగతి అది కాదు. మన సంచుల్లో ఉన్న వస్తువులకు పేర్లు ఉన్నాయి. స్టీలు డబ్బా అడుగున దుకాణంవాడు చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు ఉంది. పెళ్లికి బావమరిది పెట్టిన డబ్బా అయితే పెట్టినవాడి పేరు, తేదీ కూడా ఉన్నాయి. బిల్లా మీద ఖాతా నంబరు ఉంది. వాళ్లలో చాలామంది బతికే ఉన్నారు. కొందరు ఈ సభలోనే కూర్చుని ఉండవచ్చు. బతికున్న మనిషి సామానును ఎవరిదో తెలియని గుట్టగా చూపితే చూసేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు, నిజమే. ఆ మనిషిని మాత్రం బతికుండగానే లేనివాడిని చేసినట్టే.

పేర్లు ఉన్న గోడ

అదే బోల్టాన్స్కీ 1997లో మరో పని చేశాడు. దాని గురించి తక్కువమంది చెప్పుకుంటారు. మనలాంటివాళ్లకు మాత్రం అది దగ్గరిది.

బెల్జియం దేశంలో మోన్స్ అనే ఊరి పక్కన గ్రాండ్ హోర్నూ అని ఒక బొగ్గు గని. ఆన్రీ ద గోర్జ్ అనే యజమాని 1810 నుంచి మొదలుపెట్టి ఇరవై ఏళ్లలో అక్కడ వర్క్‌షాపులు, కార్మికుల ఇళ్లు కట్టించాడు. 400 పైచిలుకు ఇళ్లు. అన్నీ ఒక్క ప్రణాళికలో, ఇటుకతో, కమానులతో కట్టినవి. 1954లో గని మూతపడింది. కట్టడాలు పాడుపడ్డాయి. 1969లో పడగొట్టమని ఆజ్ఞ కూడా వచ్చింది. ఆ ప్రాంతపు ఆర్కిటెక్టు ఒకాయన 1971లో కొని బాగుచేయబట్టి మిగిలాయి. 2002లో అక్కడ కళల మ్యూజియం తెరిచారు. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. గిర్ని మూసేయడం, పడగొట్టే ఆజ్ఞ రావడం వరకు మన కథే. ఆ తర్వాతిది మన కథ కాలేదు.

ఆ గని పాత రిజిస్టర్లలో అక్కడ పని చేసినవాళ్ల వివరాలు ఉన్నాయి. బోల్టాన్స్కీ తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బాలను గోడలాగా పేర్చి, ఒక్కొక్క డబ్బాకు ఒక్కొక్క కార్మికుడి పేరు అంటించాడు. దానికి పేరే 'గ్రాండ్ హోర్నూ రిజిస్టర్లు'. ఆ ఊళ్లో మనుమలు, మునిమనుమలు వచ్చి తమ తాత పేరు వెతుక్కోవచ్చు. పగారు లెక్క కోసం రాసిన పుస్తకంలోని పేరు, గౌరవంగా చదివే పేరు అయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ డబ్బాలు గని కార్మికులవి కావు. కళాకారుడు తెచ్చినవి. పేర్లు మాత్రం వాళ్లవి. పారిస్‌లో వస్తువులున్నాయి, పేర్లు లేవు. ఇక్కడ పేర్లున్నాయి, వస్తువులు లేవు. మన దగ్గర రెండూ ఉన్నాయి. ఇంత ఉండీ ఉత్త గోడ అలంకారానికి ఇచ్చేస్తే మనంత తెలివితక్కువవాళ్లు ఉండరు.

సామాను పక్కన తల్లి

మూడో ఉదాహరణ చైనాది. సోంగ్ దోంగ్ అనే కళాకారుడి తల్లి పేరు జావ్ శ్యాంగ్‌యువాన్. కరువు, రేషను చూసిన మనిషి. దేన్నీ పారేసేది కాదు. ఖాళీ సీసాలు, మూతలు, పేస్టు గొట్టాలు, చిరిగిన చెప్పులు, గుడ్డ పేలికలు, సబ్బులు, అన్నీ దాచేది. చైనాలో చాలాకాలం బట్టకు కూపన్లు ఉండేవి. కూపను లేకుండా నూలు బట్ట దొరికేది కాదు. అందువల్ల పేలిక కూడా ఆస్తే. సబ్బుకూ రేషనే. పిల్లలకు ముందు ముందు సబ్బు దొరుకుతుందో లేదో అని ఏళ్ల తరబడి కూడబెట్టింది. కొడుకు పెళ్లినాటికి ఇంట్లో బట్టలు ఉతికే మిషను వచ్చింది, ఆ సబ్బులు రాళ్లలాగా గట్టిపడ్డాయి. మన ఇళ్లలో అమ్మలు, అత్తలు పాత చీరల బొంతలు, ఖాళీ డబ్బాలు దాచినట్టే. ఎగతాళి చేసేవాళ్లం గాని, వాటితోనే పెరిగాం.

2002లో ఆమె భర్త చనిపోయాడు. ఆ దుఃఖంలో ఆమె ఇల్లంతా సామానుతో నింపుకున్నది. ఏదీ తీయనివ్వదు. కొడుకు ఏం చేశాడంటే, సామానును బయట పారేయలేదు, తల్లితో తగువు పడలేదు. "అమ్మా, ఇవన్నీ జనానికి చూపిద్దాం" అన్నాడు. 2005లో బీజింగ్‌లో ఇంటి కొయ్య చట్రంతో సహా 10,000కు పైగా వస్తువులను నేల మీద జాతి జాతిగా వేరుచేసి పరిచారు. సర్దింది ఆ తల్లే. రోజూ వచ్చి కూర్చునేది. చూడవచ్చినవాళ్లు తమ ఇంటి సంగతులు చెప్పుకుంటే వినేది, తనవి చెప్పేది. ఆమె మళ్లీ మనుషుల్లో పడింది. తర్వాత అది కొరియాలోనూ, 2009లో న్యూయార్కులోని పెద్ద మ్యూజియంలోనూ పెట్టారు. అదే సంవత్సరం ఆమె చనిపోయింది.

ఈ మూడింటిలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. ఎందుకంటే ఇక్కడ సామాను గలావిడ సామాను పక్కనే ఉంది. ఏది ఎక్కడ పెట్టాలో ఆమె చెప్పింది. "ఇది ఏమిటి?" అని అడిగితే జవాబు చెప్పడానికి మనిషి ఉంది. కళాకారుడి పేరు పెద్దదయింది, కాదనను. తల్లి పేరు దాని కింద నలిగిపోలేదు.

మన దేశంలో ఒక రోడ్డు ఇన్‌స్పెక్టరు

ఇక మన దేశానికి వద్దాం. చండీగఢ్‌లోని రాక్ గార్డెన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. దాన్ని చేసిన నేక్ చంద్ పేరున్న కళాకారుడు కాదు, కళాశాలలో నేర్చుకున్నవాడు కాదు. పి.డబ్ల్యు.డి.లో రోడ్డు ఇన్‌స్పెక్టరు. 1924లో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న పల్లెలో పుట్టాడు. దేశ విభజనలో అన్నీ వదిలి ఇటు వచ్చాడు. అప్పుడు చండీగఢ్ కొత్తగా కడుతున్నారు. కొత్త నగరం కోసం అక్కడున్న పల్లెల్ని ఖాళీ చేయించి పడగొట్టారు. ఆ పల్లెల శిథిలాల్లో పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, కుండ పెంకులు, విరిగిన సామాను మిగిలాయి. సొంత ఊరు పోగొట్టుకున్న మనిషి, ఊళ్లు పోగొట్టుకున్న వేరే వాళ్ల సామాను ఏరాడు.

డ్యూటీ అయిన తర్వాత సైకిలు మీద రాళ్లు, పెంకులు మోసుకుపోయి, ఊరి చివర ప్రభుత్వ అడవిలో, ఎవరికీ తెలియకుండా 1957 నుంచి కట్టుకుంటూ వచ్చాడు. మనుషులు, జంతువులు, పక్షులు, నీళ్లు తెచ్చే ఆడవాళ్లు. గాజు ముక్కలతో ఒళ్లంతా కప్పిన బొమ్మలు. 1975లో అధికారులు కనిపెట్టేసరికి అది 12 ఎకరాల తోట అయింది. కట్టడం నిషేధించిన స్థలం. చట్టం ప్రకారం పడగొట్టాలి. కాని జనం చూసి మెచ్చుకున్నారు. పడగొట్టలేకపోయారు. 1976లో ప్రజలకు తెరిచారు. ఆయనకు జీతం ఇచ్చి, 50 మంది కూలీలను ఇచ్చి, ఇదే పని చేయమన్నారు. ఊళ్లో చిరిగిన బట్టలు, పగిలిన పింగాణీ సేకరించే కేంద్రాలు పెట్టారు. ఆ పేలికలతో ఆయన మనిషెత్తు గుడ్డ బొమ్మలు కూడా చేశాడు. 1984లో పద్మశ్రీ ఇచ్చారు. 2015లో 90 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఇందులో మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. ఒకటి, కళ అంటే మనకు సంబంధించింది కాదు అనే మాట తప్పు. రోడ్డు పని చేసేవాడి చేతులు చేసిందే అది. మన చేతులు జాకార్డు మీద పూలు దించిన చేతులు. చాదరు మీద నెమలిని నేసినప్పుడు దాన్ని కళ అని ఎవరూ అనలేదు, మీటరు లెక్కన పగారు ఇచ్చారు, అంతే.

రెండోది, జనం చూసుకుంటేనే ఏదైనా నిలుస్తుంది. 1996లో నేక్ చంద్ విదేశాలకు పోయినప్పుడు నిధులు ఆగిపోయాయి, దుండగులు బొమ్మలు పగలగొట్టారు. ఆయన పోయిన పదేళ్లకు, 2025 మార్చిలో, హైకోర్టు దగ్గర రోడ్డు వెడల్పు కోసం, పార్కింగు కోసం ఆ తోట గోడలో కొంత భాగం పడగొట్టారు. ఊరివాళ్లు నిరసన తెలిపారు. పద్మశ్రీ ఇచ్చిన మనిషి గోడకే ఆ గతి పడితే, ఒక భవనం ద్వారం దగ్గర మనం ఇచ్చిన డబ్బాలకు ఏ భరోసా? రేపు భవనం చేతులు మారితే, కొత్త యజమానికి ఆ గోడ నచ్చకపోతే, మళ్లీ పాత ఇనుము కాంట్రాక్టరే వస్తాడు. ఈసారి కబురు చేసేవాడు ఉంటాడో లేదో.

ఒక మాట కూడా అనుకోవాలి. నేక్ చంద్ పేరు మనందరికీ తెలుసు. ఆ తోటలో సిమెంటు కలిపిన 50 మంది కూలీల పేర్లు ఈ సభలో ఎవరికైనా తెలుసా? ఆయన తప్పు కాదు, లోకం తీరే అంత. చేతులు చాలా ఉంటాయి, పలక మీద పేరు ఒకటే ఉంటుంది. మన గోడ దగ్గర ఆ తీరు మారాలి.

అది వస్తువు కాదు, రుజువు

ఇప్పుడు ఇళ్ల సంగతి. ముంబయి గిర్ని కార్మికులకు మ్హాడా ఇచ్చే ఇళ్లకు అర్హత ఏమిటో మీకు తెలుసు. 1982 సమ్మె సంవత్సరం జనవరి 1న గాని, ఆ తర్వాత గాని గిర్ని రోల్సులో ఉండాలి. ఉన్నట్టు రుజువు చూపాలి. గుర్తింపు కార్డు, హాజరు కార్డు, ఇ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. కాగితం, ఇట్లాంటివి. 2012లో మొదటి లాటరీలో 6,925 ఇళ్లు తీశారు. అప్పటి నుంచి రుజువు లేక వెనకబడ్డవాళ్లు ఎంతమంది ఈ ఆఫీసు మెట్లెక్కారో నాకు తెలుసు. గిర్ని మూసినరోజు గేటు లోపలికి రానీయలేదు, కార్డు బీరువాలోనే ఉండిపోయింది అని చెప్పినవాళ్లున్నారు. కరీంనగర్ జిల్లాకో, పాలమూరుకో తిరిగిపోయి, అక్కడే కన్నుమూసినవాళ్ల భార్యలు వచ్చి అడిగారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ కార్డు మన గోనె సంచిలో ఉండి, దాన్ని తీసుకుపోయి గోడకు బిగించి దీపాలు పెడితే, చూసేవాళ్లు "ఎంత బాగుందో" అంటారు. ఆ కార్డు గలావిడ మాత్రం ఎక్కడో అద్దె గదిలో రుజువు లేక కూర్చుని ఉంటుంది. సొమ్మొకడిది, సోకొకడిది అని మన పెద్దలు ఊరికే అనలేదు.

సభలో వేరే అభిప్రాయాలు కూడా ఉన్నాయి. వాటిని దాచడం న్యాయం కాదు. కొందరు తమ్ముళ్లు, "అసలు ఇవ్వవద్దు, మన స్థలం తీసుకున్నవాళ్ల గోడకు మన సామాను అలంకారమా?" అన్నారు. ఆ కోపం నాకూ ఉంది. కాని మనం ఆఫీసులో గోనె సంచుల్లోనే ఉంచితే పదేళ్లలో తుప్పు, చెదలు మిగులుతాయి. ఈ ఊళ్లో గిర్నీలు ఉండేవని, వాటిలో తెలుగు పద్మశాలీలు, మరాఠా సోదరులు, ఉత్తరాదివాళ్లు కలిసి మూడు పాళీలు పనిచేశారని, రేపటి పిల్లలకు ఎవరు చెప్తారు? భోంగా ఆగిపోయింది, చిమ్నీలు కూలాయి. కంటికి కనబడేది ఏదో ఒకటి ఉండాలి.

మరికొందరు, "డబ్బు తీసుకుని ఇద్దాం, యూనియన్ నిధికి చేరుతుంది" అన్నారు. సామాను యూనియన్‌ది కాదు, అమ్మే హక్కు మనకు లేదు. మనం కాపలాదార్లం మాత్రమే. దొరికినవాడిది కాదు, పోగొట్టుకున్నవాడిది. ఈ ఒక్క మాట మీద నిలబడితే మిగతా లెక్కలన్నీ వాటంతట అవే తేలతాయి.

కార్యవర్గం ప్రతిపాదన

అందువల్ల కార్యవర్గం తరఫున ఈ ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది. ముందు అప్పగింత, ఆ తర్వాతే ప్రదర్శన. ప్రతి వస్తువుకు చీటీ కట్టి, దాని మీది పేరు, బిల్లా నంబరు, ఖాతా, ఒక రిజిస్టరులో తెలుగులోనూ మరాఠీలోనూ రాస్తాం. గలవారికి గాని, వారి వారసులకు గాని సంతకం తీసుకుని ఇచ్చేస్తాం. కార్డులు, కాగితాలు ఏ పరిస్థితిలోనూ గోడకు పోవు. గలవారు దొరికేదాకా యూనియన్ దగ్గర భద్రంగా ఉంటాయి.

రెండోది. తీసుకున్న తర్వాత, "నా డబ్బా గోడకు ఇస్తాను" అని ఎవరైనా ఇష్టపడి ఇస్తే, దాని పక్కన వారి పేరు, చేసిన పని, పనిచేసిన సంవత్సరాలు రాయాలి. 'కార్మికులు' అని ఒక్క మాట రాసి సరిపెడితే కుదరదు. జాబరు, వీవరు, వైండింగ్ పని చేసిన అక్క, ఝాడూ కొట్టిన తమ్ముడు, బదలీ మనిషి, అందరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. గోడ కట్టిన మేస్త్రీ, కూలీల పేర్లు కూడా ఉండాలి.

మూడోది. ఎవరివో తేలని వస్తువులను ఎవరివో తేలనివిగానే చూపాలి. కట్టుకథలు అల్లకూడదు. పక్కన, 'ఇది మీదైతే చెప్పండి' అని రాసి యూనియన్ ఆఫీసు చిరునామా ఇవ్వాలి. గలవారు ఎప్పుడు వచ్చినా గోడ నుంచి తీసి ఇవ్వాలి.

నాలుగోది. గోడ రోడ్డు మీదికి ఉండాలి. లోపల వాచ్‌మన్ దాటితే గాని కనబడని చోట వద్దు. మన మనిషి చెప్పులతో, చేతిలో కూరగాయల సంచితో వచ్చి, ఎవరినీ అడగకుండా తన డబ్బా చూసుకుని పోగలగాలి.

అయిదోది. భవనం చేతులు మారినా, గోడ తీసేయదలచినా, ఆరు నెలల ముందు యూనియన్‌కు నోటీసు ఇచ్చి సామాను తిరిగి ఇచ్చేటట్టు స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయాలి. నోటి మాటలు మనం చాలా విన్నాం.

వీటికి ఒప్పుకుంటే మనం సంతోషంగా సహకరిద్దాం, పండుగలాగా ప్రారంభం చేద్దాం. ఒప్పుకోకపోతే మన చాల్ ముందరి గోడ ఉండనే ఉంది. మనవాళ్లలోనే సిమెంటు పని తెలిసినవాళ్లున్నారు, అక్షరాలు రాయగలవాళ్లున్నారు. రోడ్డు ఇన్‌స్పెక్టరు సైకిలు మీద మోసి తోట కట్టగా లేనిది, ఇంతమందిమి ఒక గోడ కట్టుకోలేమా?

చివరగా ఒక విన్నపం. వచ్చే ఆదివారం నుంచి నాలుగు ఆదివారాలు, ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా, సంచులు విప్పి యూనియన్ హాలులో చాపల మీద పరుస్తాం. రిజిస్టరు రాయడానికి చదువుకున్న పిల్లలు ఆరుగురు కావాలి, పేర్లు ఇవ్వండి. మీరు రండి, మీ ఇంటి పెద్దల్ని తీసుకురండి. ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లకు ఫోను చేయండి. సిరిసిల్లలో, సిద్దిపేటలో, నారాయణపేటలో, ఎక్కడ ఉన్నా సరే, బిల్లా నంబరు గుర్తుంటే చాలు, చెప్పమనండి. వైండింగ్ ఖాతా అక్కలు తప్పకుండా రావాలి. ఆ బీరువాలు ఎక్కువ మీవే. ఎవరి గాజులు ఏవో మీకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు.

ఇప్పుడు ప్రతిపాదనల మీద చర్చ. చేతులెత్తినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి.